కలివి పొదలు, బట్టమేక బీళ్ళు

కర్నూలు, కడప సీమలో పక్షులను చూడటానికి వచ్చేవాళ్ళు చెరువుగట్ల మీద కన్నా బీళ్ళలో ఎక్కువసేపు నిలబడతారు. నందికొట్కూరు వైపు నల్లరేగడిలో మోకాలెత్తు గడ్డి పెరిగే మైదానాలు ఒక రకం. పెన్నకు ఉత్తరాన లంకమల కొండల అడుగున కంపలు, తుప్పలు అక్కడొకటి ఇక్కడొకటిగా మొలిచిన రాతినేల ఇంకో రకం. రెవెన్యూ లెక్కలో ఈ రెండూ బంజరు కిందే లెక్క. దేశం మొత్తం మీద అరుదైన పక్షుల జాబితాలో మొదటి వరసలో నిలిచే బట్టమేక పక్షి, కలివికోడి బతికినవి మాత్రం ఈ బంజర్ల లోనే. సీమలో పక్షుల పరిశీలనకు దాదాపు నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం ఈ రెండింటి వెనక తిరిగినదే, ప్రతి మలుపులోనూ కాలువ నీళ్ళ ప్రస్తావన వచ్చేదే.

దుర్భిణీలు రాకముందు ఇక్కడ పక్షులను తెలిసినవాళ్ళు వాటిని పట్టి అమ్మేవాళ్ళు. కౌజుపిట్టలు, పూరేళ్ళు, కుందేళ్ళ కోసం ఉచ్చులు పన్నే కుటుంబాలు సీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. ఏ పిట్ట ఏ పొద కింద రాత్రి పడుకుంటుందో, వెలుతురు పడితే ఏది ఎగిరిపోతుందో, ఏది కదలకుండా నిలబడిపోతుందో వాళ్ళకు తెలుసు. ఆ విద్య పుస్తకాలకు ఎక్కలేదు. పుస్తకాలు రాసినవాళ్ళు మాత్రం ప్రతిసారీ దాని మీదే ఆధారపడ్డారు.

పుస్తకాల వైపు నుంచి కథ థామస్ కావెర్‌హిల్ జెర్డన్‌తో మొదలవుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి, 1840లలో నెల్లూరులో పనిచేసిన జెర్డన్‌కు మందుల పెట్టె మీద ఎంత ధ్యాసో తెలియదు గాని తూర్పు కనుమల పక్షుల మీద మాత్రం గట్టి ధ్యాస ఉండేది. రాయలసీమ రాతిగుట్టల్లో ఇప్పటికీ కనిపించే పసుపుగొంతు పిగిలిపిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. నెల్లూరు, కడపల మధ్య కొండల నుంచి ఆయన సంపాదించిన మరో పక్షికి కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రీయ నామం పెట్టాడు. తీతువు కన్నా చిన్నది, పొడుగు కాళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. ఇంగ్లీషులో అది జెర్డన్ పేరు మీదే స్థిరపడింది, కలివి పొదల్లో తిరుగుతుంది గనక తెలుగులో కలివికోడి అయింది.

ఆ తరువాత అది దొరికిన సందర్భాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గోదావరి వైపు భద్రాచలం, సిరోంచా ప్రాంతాల్లో విలియం బ్లాన్‌ఫర్డ్ దాన్ని నమోదు చేశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంప్‌బెల్ చూశాడు. అంతే, ఆపైన ఎనభై ఆరేళ్ళ పాటు ఏ శాస్త్రజ్ఞుడికీ కనబడలేదు. ఈలోగా సీమ నేల మారడం మొదలైంది. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ తుంగభద్ర నీటిని సుంకేసుల నుంచి తీసుకొచ్చింది. ఈ కె.సి. కెనాల్ కింద కుందూ లోయలో వరి పండింది. ఆ వరిచేలు కొంగలకు, నీటికోళ్ళకు కొత్త ఇళ్ళయ్యాయి. బీడు పక్షులకు ఏమైందో ఆనాడు ఎవరూ గమనించి రాయలేదు.

1930 ప్రాంతంలో రెండు పెద్ద సర్వేలు ఒకే అడవికి రెండు వైపుల నుంచి వచ్చాయి. ఆర్థర్ వెర్నే డబ్బుతో జరిగిన తూర్పు కనుమల సర్వే మద్రాసు రాజ్యంలోని నల్లమల, పాలకొండ, శేషాచలం కొండల్లో పక్షులను సేకరించింది. విస్లర్, కిన్నియర్ ఆ ఫలితాలను బొంబాయి సహజ చరిత్ర సంఘం పత్రికలో వరసగా ప్రచురించారు. కృష్ణకు అవతల నిజాం రాజ్యంలో 1931–32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వే చేస్తూ అమ్రాబాదు పీఠభూమి దాకా వచ్చాడు. రెండు సర్వేలూ తుపాకీతో చేసినవే, అప్పట్లో పక్షిని చూడటం అంటే కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టడమే. కలివికోడి రెండింటికీ చిక్కలేదు. తరువాతి దశాబ్దాల్లో ప్రత్యేకంగా దాని కోసమే వెతికినవాళ్ళూ ఉత్తచేతులతో వెళ్ళారు. ఇక అది అంతరించిందని చాలామంది తేల్చేశారు.

తుపాకీ పక్కన పెట్టి, నోటుబుక్కు, దుర్భిణీ పట్టుకుని గుంపుగా నడిచే అలవాటు తెలుగునాట 1980 తరువాతే కుదురుకుంది. ఆ ఏడాది హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ వంటివాళ్ళు దాన్ని నిలబెట్టారు. నెలకొక విహారం, నెలకొక సమావేశం దాని నడక. విహారంలో తెల్లవారకముందే బయలుదేరి ఒక చెరువో అడవో చుట్టి, చూసిన జాతుల పేర్లు పట్టీ వేసుకోవడం. సమావేశంలో ఎవరో ఒకరు స్లైడ్లు వేసి మాట్లాడటం. సంఘం పత్రిక పేరు ‘మయూర’, వార్తాలేఖ పేరు ‘పిట్టా’. తాహెర్, పిట్టీ కలిసి 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను వెలువరించారు. రాష్ట్రం విడిపోయాక ఈ సంఘమే డెక్కన్ బర్డర్స్ అయింది. కర్నూలుకూ కడపకూ అంత పాత సంఘం సొంతంగా లేదు. సీమ పక్షుల రాత చాలావరకు బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ చేతిమీదుగా జరిగింది, దారి చూపినవాళ్ళు మాత్రం స్థానికులు.

రోళ్ళపాడు పేరు బయటికి వచ్చింది కూడా ఈ కాలంలోనే. కర్నూలు జిల్లా మిడుతూరు మండలంలోని (2022 నుంచి నంద్యాల జిల్లా) ఈ ఊరి బీళ్ళలో బట్టమేక పక్షులు ఉన్నాయని 1970ల చివర్లో తెలిసింది. పల్లెవాళ్ళకు అదేమీ వార్త కాదు. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు ఉండి కూడా ఎగరగలిగే పక్షి పొలానికి వస్తే కనబడకుండా పోదు. వానాకాలంలో మగపక్షి ఎత్తైన చోట నిలబడి, గొంతు సంచి ఉబ్బించి, తోక వీపు మీదికి విరిచి, లోతైన గొంతుతో మూలుగుతుంది. ఆడది నేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. ఏడాదికి ఒక్కటి. నక్క తిన్నా, గొర్రెల మంద తొక్కినా ఆ ఏడు అంతే.

బొంబాయి సహజ చరిత్ర సంఘం 1980లలో అక్కడ పరిశోధన శిబిరం పెట్టింది. అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ ఏళ్ళ తరబడి ఆ గడ్డిలో గడిపారు. అటవీశాఖ కంచెలు వేసి, కందకాలు తవ్వి, గడ్డిని కాపాడింది. 1980ల మధ్యలో బట్టమేకల లెక్క 35 దాకా వెళ్ళింది. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. అంటే రెండున్నర కిలోమీటర్ల చదరం కన్నా పెద్దది కాదు. అంత పెద్ద పక్షికి అది పడక మాత్రమే, తిండి చుట్టూ ఉన్న చేలల్లోనే. జొన్న, కొర్ర, వేరుశనగ, కుసుమ వేసినంత కాలం ఆ చేలు మిడతలతో, గింజలతో దానికి పనికొచ్చాయి. పక్కనే అలగనూరు జలాశయం వచ్చి, కాలువ నీళ్ళు పారి, పత్తి, పొద్దుతిరుగుడు వంటి పైర్లు పెరిగాక ఆ లెక్క తప్పింది. కంచె లోపల మేలు పొందినవి కృష్ణజింకలు. అవి పెరిగి చేల మీద పడేసరికి రైతుకు అభయారణ్యం అంటేనే కంటగింపైంది. కరువు సీమలో నీళ్ళొద్దని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. అయితే ఆ నీటి దారిలో పక్షికి వంద ఎకరాల మెట్టచేలనైనా విడిచిపెట్టే ఏర్పాటు ఆలోచించి ఉండవలసింది. 1990ల నుంచి బట్టమేకలు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు రోళ్ళపాడులో చూద్దామన్నా దొరకని పక్షి అయ్యాయి. దేశం మొత్తం మీద నూట యాభైకి అటూ ఇటూ మిగిలాయని అంచనా, ఎక్కువ రాజస్థాన్‌లోనే.

కలివికోడి కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. లేదనుకున్నది దొరికింది. బొంబాయి సహజ చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ పక్షి బొమ్మలు పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో వేటగాళ్ళను అడుగుతూ తిరిగాడు. సిద్ధవటం ప్రాంతంలో రెడ్డిపల్లి దగ్గర 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ లైటు వెలుతురులో దాన్ని పట్టి తెచ్చాడు. ఇంతకాలం దొరకకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. సర్వేలన్నీ పగలు తిరిగినవి, పక్షి రాత్రి తిరిగేది. పట్టిన పక్షి బతకలేదు, బొంబాయి సేకరణలోకి చేరింది. తొంభయ్యో ఏట ఉన్న సాలిం అలీ ఆ కబురు వినగలిగాడు. మరుసటి ఏడు జూన్‌లో ఆయన పోయాడు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తపాలాశాఖ కలివికోడి బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది.

పక్షి మనుగడకు ఎలాంటి నేల కావాలో తరువాత పదిహేనేళ్ళకు గాని తేలలేదు. 2000 ప్రాంతంలో పి. జగన్నాథన్, బ్రిటన్ పరిశోధకులతో కలిసి, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి పొద్దున్నే అడుగుల గుర్తులు వెతికాడు. తనంతట తాను ఫొటో తీసే కెమెరాలు పెట్టాడు. కూత రికార్డయ్యాక పని సులువైంది. పొద్దు గూకిన ముప్పావు గంటకు మొదలై కొన్ని నిమిషాల్లోనే ఆగిపోయే రెండు ముక్కల కూత అది. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉన్నచోటే పక్షి ఉంటుందని తేలింది. పొదలు నరికేస్తే పోతుంది, మేకలూ కట్టెలవాళ్ళూ బొత్తిగా రాక కంప మూసుకుపోయినా పోతుంది. ఇలాంటి నేలను కంచె వేసి తాళం పెట్టి కాపాడటం కుదరదు.

ఇక్కడా నీళ్ళు అడ్డొచ్చాయి. సోమశిల జలాశయంలో మునిగిన కడప పల్లెల జనం కొందరు ఈ కొండల అడుగుకే వచ్చి పొదలు కొట్టి నిమ్మతోటలు, చేలు వేసుకున్నారు. ఇల్లు పోయినవాళ్ళను ఆ పొదల గురించి తప్పుపట్టడం న్యాయం కాదు. శ్రీశైలం నీటిని మద్రాసు దాకా పంపే తెలుగు గంగ కాలువ మాటే వేరు. 2005లో దాని తవ్వకపు యంత్రాలు అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వచ్చి పక్షి ఉన్న పొదలను చదును చేశాయి. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది. కాలువ దారి మారింది, పక్షి కోసం ప్రభుత్వం అదనంగా భూమి సేకరించింది. పెద్ద కాలువ ఒక చిన్న పక్షి కోసం పక్కకు జరగడం తెలుగు దేశంలో అరుదైన సంగతి.

ఈ చరిత్ర నుంచే సీమలో పక్షి విహారాలకు ఒక పంచాంగం ఏర్పడింది. తొలకరి తరువాత రోళ్ళపాడు గడ్డి లేచినప్పుడు నేలనెమళ్ళ కోసం వెతుకుతారు. మగది గడ్డి పైకి నిలువుగా ఎగిరి దిగే కొన్ని వారాలు దాటితే అది ఉన్నట్టే తెలియదు. శీతాకాలం పిల్లిగద్దలది. మధ్య ఆసియా మైదానాల నుంచి దిగే ఈ గద్దలు పగలంతా చేల మీద మిడతలు ఏరుకుని, సాయంత్రం గుంపులుగా రోళ్ళపాడు గడ్డిలో నేల మీద పడుకుంటాయి. దేశంలో పేరున్న పిల్లిగద్దల పడకల్లో ఇదొకటి. గట్టు మీద కూర్చుని దిగేవాటిని లెక్కపెట్టడం సంక్రాంతి ముందు రోజుల పని. 1987 నుంచి ఆసియా అంతటా జరిగే నీటిపక్షుల గణన కూడా జనవరిలోనే వస్తుంది. అప్పుడు మాత్రం అందరూ చెరువులు, జలాశయాల వైపు మళ్ళుతారు. సీమకు వచ్చిన కాలువలు పక్షులకు ఇచ్చిన మేలు ఏదైనా ఉంటే ఆ రోజుల్లో కనబడుతుంది. ఎండలు ముదిరాక గుట్టల్లో పిగిలిపిట్టలను చూసేవాళ్ళు తక్కువ.

లంకమల నడకలు ఈ లెక్కకు లొంగవు. అభయారణ్యంలో అడుగుపెట్టడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి, రాత్రి తిరగడానికి అది సులువుగా రాదు. రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని పిలవడం చాలా సంఘాలు తమ నడకల్లో మానుకున్నాయి. 2000ల చివరి నుంచి కలివికోడి మళ్ళీ ఎవరికీ దొరకలేదు. పదిహేనేళ్ళు దాటాక, 2025 ఆగస్టులో, చిన్న పక్షి పరిశీలకుల బృందం ఒకటి మునిమాపు వేళ పొదల్లో దాని కూతను రికార్డు చేసింది.

దాని గూడును మాత్రం ఇంతవరకు శాస్త్రజ్ఞులెవరూ చూడలేదు. కోలారు బంగారు గనుల్లో పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించిన ఒక్క గుడ్డు చేతులు మారి స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియానికి చేరింది. పాత చర్మాల డి.ఎన్.ఎ.తో పోల్చి అది కలివికోడిదేనని 2013లో తేల్చారు. ఎన్ని గుడ్లు పెడుతుంది, ఏ నెలలో పెడుతుంది, పిల్లలను ఎవరు పెంచుతారు అన్నవి కడప పొదల్లోనే తెలియవలసి ఉంది.