బెంటన్‌విల్ పొరుగున పారదర్శకమైన ఆవిరి

వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిగానే తెలుగువారికి తెలిసిన బెంటన్‌విల్‌కు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఫేయెట్‌విల్‌లోని ఆర్కన్సా విశ్వవిద్యాలయానికి, కాంతిని పీల్చుకోవలసిన ఆవిరి ఆ పని మానేయడమనే వింత చరిత్రలో చెప్పుకోదగ్గ స్థానం ఉంది.

పరమాణువు తన రెండు శక్తిస్థాయుల మధ్య తేడాకు సరిపోయే కాంతిని పీల్చుకోవడాన్ని శోషణ అంటారు. అయస్కాంత క్షేత్రంలో ఈ స్థాయులు ఉపస్థాయులుగా చీలుతాయి. 1976లో ఇటలీలోని పీసాలో అల్జెట్టా, గొజ్జీని, మోయి, ఓరియోల్స్ అనే శాస్త్రజ్ఞులు సోడియం ఆవిరి ఉన్న గాజుపాత్ర పొడవునా మారుతూ పోయే అయస్కాంత క్షేత్రాన్ని అమర్చి, అనేక పౌనఃపున్యాలున్న లేజర్ కాంతిని పంపగా, వెలుగుతున్న ఆవిరి మధ్య అక్కడక్కడా చీకటి పట్టీలు కనిపించాయి. ఉపస్థాయుల ఎడం లేజర్‌లోని రెండు పౌనఃపున్యాల తేడాకు సమానమైన చోట, శోషణకు ఉన్న రెండు దారులు ఒకదాన్నొకటి రద్దుచేసుకోవడమే అందుకు కారణం.

సాంద్రమైన ఆవిరి గుణాలను మరో లేజర్‌తో అదుపుచేసి కొత్త పౌనఃపున్యపు కాంతిని పుట్టించవచ్చని 1986లోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. పి. తివారీ, జి. ఎస్. అగర్వాల్ సిద్ధాంతపరంగా చూపినా, మరో లేజర్ సాయంతో ఆవిరి కాంతిని పీల్చకుండా వదిలేసే ఈ వింతకు నేడు వాడుకలో ఉన్న ‘విద్యుదయస్కాంత ప్రేరిత పారదర్శకత’ అనే పేరు 1990లో స్టాన్‌ఫర్డ్‌లోని హారిస్ బృందం రాసిన వ్యాసంతో వచ్చింది. పేరు పెట్టినవారికే ఎక్కువ యశస్సు దక్కడం శాస్త్రరంగంలో కొత్తేమీ కాదు. ఆ బృందం 1991లో స్ట్రాన్షియం ఆవిరిపై చేసిన ప్రయోగానికి మాత్రం శక్తిమంతమైన స్పందన లేజర్లు, అంటే కాంతిని విడతలుగా వెలువరించేవి, కావలసివచ్చాయి.

ఫేయెట్‌విల్‌లో మిన్ షియావో, హూలియో గేయా-బనాక్లోచే, వారి సహచరులు ఆ భారాన్ని తగ్గించారు. ఆవిరిలోని పరమాణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో అన్ని దిక్కులకూ కదులుతుండటం వల్ల, ఎదురొచ్చే పరమాణువుకు కాంతి పౌనఃపున్యం పెరిగినట్టు, దూరమయ్యేదానికి తగ్గినట్టు అనిపిస్తుంది. డాప్లర్ ప్రభావమనే ఈ చెదరింపు సున్నితమైన పారదర్శకతను చెరిపేస్తుంది. రుబీడియంలో మెట్లవలె ఒకదానిపై ఒకటిగా ఉన్న మూడు స్థాయులను ఎంచుకుంటే, కావలసిన రెండు తరంగదైర్ఘ్యాలూ 780, 776 నానోమీటర్ల వద్ద, అంటే దాదాపు సమానంగా ఉంటాయి కనుక, కిరణాలను ఎదురెదురుగా పంపితే ఒకదానిలో పెరిగినట్టు తోచినది మరొకదానిలో తగ్గి, చెదరింపు చాలావరకు రద్దవుతుంది. అందువల్ల చిన్న డయోడ్ లేజర్లే సరిపోయాయి.

1995లో వారు శోషణ తగ్గడంతో ఆగక, కాంతిపుంజాన్ని రెండుగా చీల్చి తిరిగి కలిపే వ్యతికరణమాపకంతో వక్రీభవనం ఎలా మారుతుందో కొలిచి, ఆ కొలతల నుంచి ఆవిరిలో కాంతిస్పందన వేగం శూన్యంలోని వేగంలో సుమారు 13వ వంతుకు పడిపోతుందని లెక్కగట్టారు. నాలుగేళ్ల తరువాత, 1999లో, లెనె హౌ అనే శాస్త్రజ్ఞురాలి బృందం అతిశీతల సోడియంలో ఆ వేగాన్ని సెకనుకు 17 మీటర్లకు తగ్గించింది.