ఫ్రాంజ్ యేగర్‌ష్టెటర్ అనే రైతు

మన సంఘాల్లో ఒక రైతు ప్రభువునందు నిద్రిస్తే, భూస్థాపన ఆరాధనలో మూడు మాటలు తప్పక వింటాం. కుటుంబాన్ని ప్రేమించాడు, సంఘానికి నమ్మకంగా ఉన్నాడు, ఊరికి ఉపకారం చేశాడు. నేనూ ఆ మాటలు ఎన్నోసార్లు చెప్పాను. అయితే ఆ మూడింటినే చూపించి, "వీటి కోసమైనా నీ మనస్సాక్షిని పక్కన పెట్టు" అని అందరూ అడిగితే ఆ రైతు ఏం చేయాలి? ఆస్ట్రియా దేశంలో ఫ్రాంజ్ యేగర్‌ష్టెటర్‌కు వచ్చిన పరీక్ష అదే. ఆయన రోమన్ కాథలిక్కు. మనలో చాలామంది వేరే సంఘాలకు చెందినవాళ్లమైనా ఆయన కథ మనం తెలుసుకోదగినది.

ఆయన 1907 మే 20న సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. జర్మనీ సరిహద్దు పక్కనే. హిట్లర్ పుట్టిన బ్రౌనౌ పట్టణం కూడా అక్కడికి ఎంతో దూరం లేదు. తల్లి పెళ్లికాని పేద పనిమనిషి. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. బిడ్డను అమ్మమ్మ పెంచింది. 1917లో తల్లి ఒక రైతును పెండ్లాడింది. ఆయన ఈ పిల్లవాణ్ణి దత్తత తీసుకుని తన పేరు, తరువాత తన పొలం ఇచ్చాడు.

యౌవనంలో ఫ్రాంజ్ మాదిరికరమైన విశ్వాసి ఏమీ కాదు. ఊళ్లో మొట్టమొదటి మోటారుసైకిలు ఆయనదే, గొడవల్లోనూ ముందుండేవాడు. కొంతకాలం ఇనుప గనుల్లో పనిచేశాడు. 1933లో, పెళ్లి కాకముందే, ఆయనకు ఒక కుమార్తె పుట్టింది. పరిశుద్ధుల జీవిత చరిత్రలు రాసేవాళ్లు ఇలాంటి సంగతులను మెల్లగా దాటవేస్తుంటారు. నాకైతే దాచనవసరం లేదనిపిస్తుంది. ఆయన కూడా ఆ బిడ్డను కాదనలేదు.

1936 ఏప్రిల్ 9న, పరిశుద్ధ గురువారంనాడు, ఫ్రాంజిస్కాను పెండ్లాడాడు. భార్యాభర్తలు కలిసి ప్రార్థించేవారు, బైబిలు చదివేవారు. ఆయన మారడానికి కారణం భార్యే అని ఊరివాళ్లు చెప్పుకునేవారట. వారికి ముగ్గురు కూతుళ్లు పుట్టారు. పెద్ద ఆస్తిపరుడు కాకపోయినా ఫ్రాంజ్ పేదలకు ఇచ్చేవాడు.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో ప్రవేశించింది. ఆ జనవరిలోనే ఫ్రాంజ్‌కు ఒక కల వచ్చింది. అందమైన రైలు ఒకటి కొండ చుట్టూ తిరుగుతోంది, పిల్లలు ఎగబడి ఎక్కుతున్నారు. ఈ రైలు నరకానికి పోతోందని ఒక స్వరం వినబడింది. ఆ రైలు నాజీ మతమేనని ఆయన తరువాత గ్రహించాడు. ఏప్రిల్ 10న జరిగిన ఓటింగులో ఆ ఊళ్లో వ్యతిరేకంగా ఓటు వేసింది ఆయన ఒక్కడే. అధికారులు ఆ ఓటును లెక్కలో చూపకుండా ఊరంతా ఏకగ్రీవమని ప్రకటించారు. తరువాత ప్రభుత్వం ఇచ్చే పిల్లల భత్యాన్ని కూడా ఆయన తీసుకోలేదు.

1940లో సైన్యానికి పిలిచారు. వెళ్లాడు, ప్రమాణం చేశాడు, శిక్షణ పొందాడు. రైతు అవసరం ఊరికి ఉందని 1941 ఏప్రిల్‌లో ఇంటికి పంపారు. ఇంకోసారి పిలిస్తే వెళ్లనని అప్పుడే తేల్చుకున్నాడు. ఆ ఏడాదే చర్చి పని ఒప్పుకున్నాడు. అంటే గంట కొట్టడం, తలుపులు తీయడం, ఆరాధనకు అన్నీ సిద్ధం చేయడం. మన పల్లె సంఘాల్లో ఎవరూ పెద్దగా గమనించని సేవ అది.

ఆయన నిర్ణయం విన్నవాళ్లంతా బతిమాలారు. తల్లి ఏడ్చింది. భార్యాబిడ్డల గతేమిటని ఇరుగుపొరుగు అడిగారు. ఆయన లింజ్ బిషప్పు దగ్గరకు కూడా వెళ్లాడు. నీ బాధ్యత నీ కుటుంబం పట్ల, పాలకుల నిర్ణయాలకు నీవు జవాబుదారివి కావు అన్నదే బిషప్పు సలహా. రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని మన వేదికల మీద ఎంత తేలిగ్గా వాడేస్తామో తెలిసిన కాపరిగా ఈ భాగం చదివినప్పుడల్లా నాకు నెమ్మది ఉండదు. ఆ బిషప్పు దుర్మార్గుడు కాడు. ఒక తండ్రి ప్రాణం కాపాడాలనే చూశాడు. ఫ్రాంజ్ మాత్రం, పిల్లలున్నారు గనుక అన్యాయమైన యుద్ధంలో చంపడం తప్పు కాకుండా పోతుందా అని ఆలోచించాడు.

1943 ఫిబ్రవరిలో మళ్లీ పిలుపు వచ్చింది. మార్చి 1న ఎన్స్ పట్టణంలోని సైనిక స్థావరానికి వెళ్లి, ఆయుధం పట్టనని చెప్పాడు. గాయపడినవారికి సేవ చేసే పని ఇస్తే చేస్తానన్నాడు, వాళ్లు ఒప్పుకోలేదు. మొదట లింజ్ జైలు, తరువాత బెర్లిన్. జూలై 6న సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించింది. ఆరు రోజుల తరువాత ఫ్రాంజిస్కా, ఊరి ఫాదర్‌తో కలిసి రైల్లో బెర్లిన్ వెళ్లి ఆయనను కొద్ది నిమిషాలు చూసింది. ఫాదర్ అప్పుడు కూడా నచ్చజెప్పబోయాడు. మొదట్లో ఆమె కూడా వద్దని వేడుకున్నదే. కానీ అందరూ ఎదురు తిరిగాక తాను కూడా వదిలేస్తే ఆయనకు ఇంకెవరూ ఉండరని గ్రహించి, ఆయన పక్షాన నిలిచింది. ఒక సంవత్సరం ముందే ఫ్రాంజ్ రైనిష్ అనే ఒక ఫాదర్ ఇదే కారణంతో ప్రాణం ఇచ్చాడని జైలులో విన్నప్పుడు ఫ్రాంజ్‌కు గొప్ప ఓదార్పు కలిగింది. 1943 ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్‌లో ఆయన తల నరికారు. వయస్సు 36.

ఆ తరువాతి భారమంతా ఫ్రాంజిస్కా మోసింది. పొలం, అత్తగారు, ముగ్గురు ఆడపిల్లలు. భర్త చేసిన చర్చి పని కూడా ఆమే చేసింది. భర్త పిచ్చి పట్టుదలకు ఆమే కారణమని ఊళ్లో నిందించినవారు ఉన్నారు. యుద్ధంలో చనిపోయిన సైనికుల భార్యలకు ఇచ్చే పింఛను 1950 వరకు ఆమెకు ఇవ్వలేదు. 1946లో అస్థికలను ఊరికి తెచ్చి చర్చి గోడ పక్కన సమాధి చేశారు. గోర్డన్ జాన్ అనే అమెరికా పండితుడు 1964లో పుస్తకం రాసేవరకు బయటి లోకానికి ఆ పేరు దాదాపు తెలియదు. 1997లో బెర్లిన్ న్యాయస్థానం ఆ శిక్షను రద్దు చేసింది. 2007 అక్టోబరు 26న లింజ్ కేథడ్రల్‌లో కాథలిక్కు సంఘం ఆయనను ధన్యుడిగా ప్రకటించినప్పుడు, 94 ఏళ్ల ఫ్రాంజిస్కా కూతుళ్లతో పాటు అక్కడ కూర్చుని ఉంది. 2013 మార్చిలో, నూరేళ్లు నిండిన కొద్ది రోజులకే, ఆమె కూడా ప్రభువునందు నిద్రించింది.