దెబ్బ తిననివాడి ఓటమి

బాక్సింగ్ నేర్పే ప్రతి గురువూ మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది: కొట్టడం తర్వాత, ముందు దెబ్బ తప్పించుకోవడం నేర్చుకో. గియెర్మో రిగోండో ఆ పాఠాన్ని నేర్చుకున్నంత బాగా ఈ తరంలో మరొకడు నేర్చుకోలేదు. చివరికి అతని కొంప ముంచింది కూడా ఆ పాఠమే.

1980లో క్యూబా తూర్పు కొసన, శాంటియాగో ప్రాంతంలో పుట్టాడు. చిన్నతనంలోనే ప్రభుత్వం వాళ్ల కంట్లో పడి, హవానా దగ్గరి 'లా ఫింకా' శిక్షణ కేంద్రానికి చేరాడు. క్యూబా బాక్సింగ్‌కి గుండెకాయ లాంటి చోటు అది. ఆ దేశపు గురువులకు ప్రపంచమంతా గిరాకీయే. మన బాక్సర్లకు ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చి, 2012లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న బి.ఐ. ఫెర్నాండెజ్ కూడా క్యూబా మనిషే. అలాంటి బడిలో రిగోండో మొదటి వరసలో నిలిచాడు. 2000లో సిడ్నీలో ఒలింపిక్ స్వర్ణం, 2004లో ఏథెన్స్‌లో మరొకటి. మధ్యలో ప్రపంచ టైటిల్. అమెచ్యూర్‌గా నాలుగు వందలకు పైగా పోటీలు ఆడితే, ఓడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంత చేసినా అతని చేతికి వచ్చింది కీర్తి మాత్రమే. డబ్బు కోసం ఆడే బాక్సింగ్‌ని క్యూబా 1962లోనే నిషేధించింది. మూడు ఒలింపిక్ స్వర్ణాల తియోఫిలో స్టీవెన్సన్ లక్షల డాలర్లు కాదని దేశంలోనే ఉండిపోయాడు. ఆ త్యాగాన్ని ప్రభుత్వం ఆదర్శంగా నిలబెట్టింది. ఆ కొలబద్ద పెట్టుకుని తర్వాతి తరాలందరినీ కొలిచింది.

2007 జులైలో రియో డి జనీరోలో పాన్ అమెరికన్ క్రీడలు జరుగుతుండగా రిగోండో, అతని జట్టువాడు ఎరిస్లాండీ లారా కనిపించకుండా పోయారు. కొద్దిరోజులకే బ్రెజిల్ పోలీసులకు దొరికారు. విమానం ఎక్కించి ఇంటికి పంపేశారు. జైల్లో పెట్టలేదు. ఫిడెల్ కాస్ట్రో మాత్రం స్వయంగా కలం పట్టి, జట్టును వదిలి వెళ్లిన ఆటగాడు యుద్ధం మధ్యలో తోటివాళ్లను వదిలేసిన సైనికుడితో సమానమని పత్రికలో రాశాడు. రిగోండోకి జట్టులో చోటు పోయింది. రింగ్ ఎక్కడం తప్ప వేరే పని చేతకాని మనిషిని రింగ్ నుంచి వెలేశారు. అంతకు మించిన శిక్ష ఏముంటుంది?

2009 ఫిబ్రవరిలో మళ్లీ బయల్దేరాడు, ఈసారి రాత్రిపూట పడవలో. మెక్సికో తీరం చేరి, అక్కడి నుంచి మయామీ. భార్యాబిడ్డలు క్యూబాలోనే ఉండిపోయారు. అతను నోరు తెరిస్తే బంగారు పళ్లు మెరిసేవి. ఒలింపిక్ పతకాలు కరిగించి కట్టించుకున్నవని చెప్పుకునేవారు.

ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టేనాటికి 28 నిండాయి. ఆలస్యమే, కానీ వేగంగా దూసుకుపోయాడు. ఏడో పోటీకే తాత్కాలిక ప్రపంచ టైటిల్, తొమ్మిదోదానికి రికో రామోస్‌ని ఆరో రౌండ్‌లో పడగొట్టి అసలు టైటిల్. ఇక మిగిలింది నోనిటో డొనేర్. ఫిలిప్పీన్స్ వీరుడు, 2012లో అమెరికా బాక్సింగ్ రచయితలు ఆ ఏటి మేటిగా ఎంచినవాడు.

ఇద్దరూ 2013 ఏప్రిల్ 13న న్యూయార్క్‌లో, పాటలకూ నాట్యాలకూ పేరుపడ్డ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో తలపడ్డారు. నేను చాలాసార్లు చూసిన పోటీ అది. డొనేర్ ఎడమ హుక్ అంటే ఎదుటివాళ్లకు హడల్. అది వచ్చేసరికి రిగోండో తల అక్కడ ఉండదు. జానెడు వెనక్కి జరుగుతుంది, అంతే. గ్లోవ్ గాలిని కోసుకుంటూ ముక్కు ముందు నుంచి పోతుంది. అది వెనక్కి వెళ్లేలోపు అతని ఎడమ చెయ్యి తిన్నగా వెళ్లి డొనేర్ మొహం మీద పడుతుంది. మళ్లీ కాలు పక్కకి, మళ్లీ దూరం. పదో రౌండ్‌లో రిగోండో ఒక్కసారి కింద పడ్డాడు, లేచాడు, మళ్లీ అదే పని. పన్నెండో రౌండ్‌లో డొనేర్ కుడికన్ను వాచిపోయి, గ్లోవ్‌తో దాన్ని కప్పుకుంటూ ఆడాల్సి వచ్చింది. ముగ్గురు జడ్జీలూ రిగోండోనే గెలిచాడన్నారు.

హాల్లో జనం మాత్రం గోల చేశారు. కొట్టుకోమని.

ఇక్కడే అతని కథ తిరగబడింది. ప్రొఫెషనల్‌గా మనిషి అప్పటికి ఒక్క పోటీ కూడా ఓడలేదు. అయినా అతని పేరెత్తితే టీవీ వాళ్లకి వాంతి వస్తోందని సాక్షాత్తూ అతని ప్రమోటర్ బాబ్ ఆరమ్ బాహాటంగా వాపోయాడు. విసుగు పుట్టిస్తాడన్నది అభియోగం. నేను ఒప్పుకోను. సంగీతం తెలియనివాడికి ఆలాపన సాగదీతలాగే వినిపిస్తుంది. కానీ టికెట్టు కొనేవాడిని తప్పుపట్టి లాభం లేదు, వాడి డబ్బుతోనే ఈ వ్యాపారమంతా నడిచేది. పెద్ద పేరున్న బాక్సర్లకైతే ఇదో వంక దొరికింది. గెలిస్తే పేరు రాదు, ఓడితే పరువు పోతుంది, ఇతనితో ఎందుకు తలపడాలి?

దాంతో ఛాంపియన్ దేశదిమ్మరి అయ్యాడు. మకావ్, ఒసాకా, కార్డిఫ్. ఒసాకాలో అమగాసా చేతిలో ఏడో రౌండ్‌లో రెండుసార్లు కింద పడి కూడా గెలిచాడు. పోటీలు దొరక్క, రింగ్‌కి దూరంగా ఉన్నాడన్న కారణంతో 2015లో అతని ప్రపంచ టైటిళ్లలో ఒకటైన డబ్ల్యూబీఓ బెల్టు ఊడింది. 32 నుంచి 37 దాకా, బాక్సర్ పంట చేతికొచ్చే ఏళ్లు, ఎదురుచూపుల్లోనే కరిగిపోయాయి.

2017 డిసెంబర్‌లో పెద్ద పోటీ దొరికింది. దాని కోసం 122 పౌండ్ల మనిషి రెండు తరగతులు దాటి 130 పౌండ్లకు ఎగబాకాల్సి వచ్చింది. ఎదురుగా ఉక్రెయిన్ యువకుడు వాసిలీ లొమచెంకో. రెండేసి ఒలింపిక్ స్వర్ణాలున్న ఇద్దరు ప్రొఫెషనల్ రింగ్‌లో తలపడటం అదే మొదలు. ఆరు రౌండ్లలో రిగోండో తగిలించిన పంచ్‌లు 15. లొమచెంకోవి 55. తప్పించుకునే విద్యలో తనను మించినవాడు మొదటిసారి ఎదురయ్యాడు. ఆరో రౌండ్ అయ్యాక ఎడమ చెయ్యి దెబ్బతిందని చెప్పి స్టూల్ మీది నుంచి లేవలేదు. పరీక్షలో ఎముక విరగలేదనీ, కమిలిందనీ తేలింది. అతని అభిమానిగా ఆ రాత్రిని వెనకేసుకురావడం నావల్ల కాదు. ఓడిపోవడం వేరు, మానుకోవడం వేరు.

2020లో బరువు తగ్గి లిబోరియో సోలిస్‌పై మరో బెల్టు గెలిచాడు. అదీ నిలవలేదు. 2021 ఆగస్టులో కాసిమెరోతో పన్నెండు రౌండ్లు సాగితే, ఇద్దరూ కలిపి తగిలించినవి 91 పంచ్‌లు. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ చరిత్రలోనే పన్నెండు రౌండ్ల పోటీకి అంత తక్కువ ఎప్పుడూ లేదు. తీర్పు కాసిమెరో వైపు పోయింది. ఆరు నెలలకు దుబాయ్‌లో ఆస్ట్రోలాబియో అతన్ని కింద పడేసి మరీ ఓడించాడు.

ఆ మరుసటి నెల, 2022 మార్చిలో, మయామీలోని ఇంట్లో వంట చేస్తుంటే ప్రెషర్ కుక్కర్ పేలింది. మొహం, ఛాతీ కాలాయి. కళ్లు దెబ్బతిని, చూపు 80 శాతం పోయిందని మేనేజర్ చెప్పాడు. వందల మంది పిడికిళ్ల నుంచి కాపాడుకున్న కళ్లు! తర్వాత చూపు కొంత తిరిగొచ్చి, 2023లో మళ్లీ రింగ్ ఎక్కాడు, గెలిచాడు కూడా. చూసినవాళ్లు కొద్దిమందే.

ఆ కుక్కర్ పేలిన కొద్ది వారాలకే, 2022 ఏప్రిల్‌లో, ప్రొఫెషనల్ బాక్సింగ్ మీద అరవై ఏళ్లుగా ఉన్న నిషేధాన్ని క్యూబా ఎత్తేసింది. మే నెలలో ఆరుగురు క్యూబా బాక్సర్లు ప్రభుత్వ అనుమతితోనే మెక్సికో వెళ్లి డబ్బు కోసం ఆడారు. ఆరుగురూ గెలిచారు. అప్పటికి రిగోండో వయసు 41.