మూడోసారి పలికిన బీమా

 1919 ఆగస్టు 11న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, గ్రీన్ బే ఊళ్లో ఓ పత్రికాఫీసులో కొందరు కుర్రాళ్లు చేరి ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదిది. కోడిగుడ్డులాంటి బంతిని చంకన ఇరికించుకుని, ఎదుటివాళ్లు మీదపడి కూలదోసేలోగా పరిగెత్తే ఆట.

   

జట్టుకు పెద్దలు ఇద్దరు: కర్లీ లాంబో, పత్రికలో పనిచేసే జార్జ్ కాల్హూన్. లాంబో ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో గుమాస్తా. మాంసాన్ని డబ్బాల్లో నింపే ఆ కంపెనీ దుస్తులకని 500 డాలర్లు ఇచ్చింది. జట్టుకు గ్రీన్ బే ప్యాకర్స్ అన్న పేరు అలా వచ్చిందే. కంపెనీ త్వరలోనే చేతులు మారింది, పేరు మాత్రం నిలిచింది. 1921లో జట్టు, ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ అని పిలుస్తున్న ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది.

నన్నడిగితే ఈ జట్టు కథలో అసలు రుచి గెలుపుల్లో లేదు, బీమా పాలసీల్లో ఉంది.

1922లో వాన పడితే జనం రారన్న భయంతో ఓ ఆటకు వాన బీమా తీసుకున్నారు. వాన పడింది, జనం రాలేదు. కానీ బీమా సొమ్ము చేతికి రావడానికి కావలసిన వర్షపాతం అంగుళంలో నూరోవంతు తక్కువైందని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది అదే పత్రిక వ్యవహారాలు చూసే ఆండ్రూ టర్న్‌బుల్ ఊరి పెద్దలను కూడగట్టి, 5 డాలర్ల షేర్లు అమ్మి, జట్టును లాభాపేక్ష లేని సంస్థగా మార్చాడు. లాంబోతో కలిపి ముఖ్యులు అయిదుగురు. ఎప్పుడు చూసినా ఎవరి ముందో చేయి చాస్తూ కనబడేవాళ్లు కనుక ‘ఆకలి అయిదుగురు’ అన్న పేరు పడింది.

1929, 30, 31 — వరసగా మూడేళ్లు ఛాంపియన్లు. ఆ మూడో ఏడే ఒక ప్రేక్షకుడు చెక్క గ్యాలరీ మీద నుంచి కిందపడ్డాడు. కోర్టుకెక్కాడు, దాదాపు 5,000 డాలర్లు గెలిచాడు. జట్టుకు బీమా ఉంది, పాలసీ పక్కాగా ఉంది, బీమా కంపెనీయే లేదు! ఆర్థిక మాంద్యంలో దివాలా తీసింది. దేశంలోకెల్లా మేటిగా వెలిగిన జట్టు 1933లో కోర్టు నియమించిన రిసీవర్ చేతికి పోయింది. 1935లో మళ్లీ షేర్లు అమ్మి బయటపడ్డారు.

మూడో బీమా కథ 1950లో. అప్పటికి లాంబోకు దర్జా మరిగింది. 1946లో ఊరికి దూరంగా రాక్‌వుడ్ లాడ్జి అనే భవనం కొనిపించి ఆటగాళ్లను అందులో పెట్టాడు. నేల కింద సున్నపురాయి, పైన పలచటి మట్టి. సాధన చేసిన కాళ్లన్నీ వాచిపోయేవి. ఖర్చు చూసి డైరెక్టర్లు గుర్రుమన్నారు. 1949లో జట్టు రెండే ఆటలు గెలిచి పదింట్లో ఓడింది. ఖజానా అడుగంటింది. థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజున జట్టును రెండుగా చీల్చి తమలో తామే ఆడి, టికెట్ల మీద దాదాపు 50,000 డాలర్లు రాబట్టారు.

1950 జనవరి 24న లాడ్జి నిలువునా కాలిపోయింది. ఈసారి బీమా కంపెనీ బతికే ఉంది, డబ్బు కట్టింది! వారం తిరిగేసరికి లాంబో రాజీనామా చేసి షికాగో కార్డినల్స్‌కు వెళ్లిపోయాడు. అగ్గి ఎలా పుట్టిందన్న దానిమీద ఊళ్లో పుట్టిన జోకులకు లెక్కలేదు. ఆ ఏడాది 25 డాలర్ల షేర్లు కూడా అమ్మి గట్టెక్కారు. అలా అలిగి వెళ్లిన లాంబో 1965లో పోయాక, స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

తర్వాతి కథ గెలుపులది. 1959లో కోచ్‌గా విన్స్ లొంబార్డి వచ్చాడు, అయిదు టైటిళ్లు, మొదటి రెండు సూపర్ బౌల్ ఫైనళ్లు గెలిపించాడు. 1967 డిసెంబరు 31న సున్నాకు 25 డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోయిన చలిలో రెఫరీల ఈలలు గడ్డకట్టినా డాలస్ జట్టు మీద 21-17తో గెలిచారు.

గెలుపులు సరే, మళ్లీ డబ్బు సంగతికి వద్దాం. ఊరి చందాల కంటే, టీవీ డబ్బును జట్లన్నీ సమంగా పంచుకునే పద్ధతే చిన్న ఊరి జట్టును నిలబెట్టింది. 1997లో, 2011లో మళ్లీ షేర్లు. 2021లో షేరు 300 డాలర్లు. వాటాదారులు ఇప్పుడు 5 లక్షలు దాటారు. షేరుకు లాభాంశం రాదు, అమ్ముకునే వీల్లేదు. ఏడాదికోసారి స్టేడియంలో సభ పెడతారు, డైరెక్టర్లకు ఓటు వేయొచ్చు. ఆట చూడ్డానికి సీజన్ టికెట్ కావాలంటే మాత్రం వాటాదారైనా లక్షకు పైగా పేర్లున్న నిరీక్షణ జాబితాలో చివర చేరాల్సిందే.