కృష్ణకి ఇవతల ఖాళీ

డేటాబేసులతో కుస్తీ పట్టేవాళ్ళకి నల్ వేరు, సున్నా వేరు అని కొత్తగా చెప్పక్కర్లేదు. పాత హెర్బేరియం రికార్డుల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

హెర్బేరియం అంటే మరేం లేదు. ఎండబెట్టిన మొక్కని అట్టకి అంటించి, పక్కన ఒక చీటీ: ఎవరు కోశారు, ఎక్కడ, ఏ తేదీన. నన్నడిగితే మొక్క కన్నా ఆ చీటీయే అసలు సరుకు.

మన కందికి అడవిలో చుట్టాలు చాలానే ఉన్నాయి. వాటిలో బాగా విస్తరించింది కజానస్ స్కారబియాయిడిస్ అనే తీగ. పసుపు పూలు, నూగు కాయలు. ఆ నూగు వల్లే కాయతొలుచు పురుగుకి ఇదంటే పడదు. లిన్నేయస్ 1753లోనే దీన్ని నమోదు చేశాడు. 1834లో వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు, విత్తనం మీద చిన్న బొడిపె ఉండే అడవి కందుల్ని అటిలోసియా అని వేరు కాపురం పెట్టించారు.

దక్షిణాది మొక్కలకి పెద్దదిక్కు లాంటి పుస్తకం గాంబుల్ రాసింది. 1915లో మొదలైంది, 1925లో ఆయన పోయాక ఫిషర్ అందుకుని 1936కి పూర్తిచేశాడు. దాని హద్దు పేరులోనే ఉంది: మద్రాసు ప్రెసిడెన్సీ. అంటే నల్లమలలో కర్నూలు వైపు లెక్కలోకొస్తుంది. కృష్ణ దాటి ఇవతల అమ్రాబాదు, లింగాల వైపుకొస్తే అది నిజాం రాజ్యం, పుస్తకానికి సంబంధం లేదు! అడవి అదే, వానా అదే. తీగకి సర్కారు ఎవరిదో తెలీదు కదా. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా అడవంతా ఆ పుస్తకంలో అలా నల్ అయిపోయింది.

పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వచ్చాక కథ మారింది. అక్కడ పనిచేసిన డచ్చి శాస్త్రవేత్త వాన్ డెర్ మేసెన్ ఎక్కడెక్కడి హెర్బేరియం షీట్లో తిరగేసి, 1986లో అటిలోసియాని మళ్ళీ కందితో కలిపేశాడు. మొత్తం 32 జాతులని తేల్చాడు. నూటయాభై ఏళ్ళ వేరు కాపురం అయిపోయింది.

ఎండుమొక్కల గొడవ మనకెందుకంటారా? కందిలో హైబ్రిడ్ విత్తనం చెయ్యాలంటే పనికొచ్చే పుప్పొడి రాని తల్లి మొక్కలు కావాలి. ఆ గుణం మామూలు కందిని అడవి కందితో కలిపితే దొరికింది. ఒడిశా, బస్తర్ కొండల్లో పెరిగే కజానస్ కజానిఫోలియస్ అనే జాతి దానికి మూలం. 2010లో మధ్యప్రదేశ్‌లో ఐసీపీహెచ్ 2671, 2015లో మన తెలంగాణలో మన్నెంకొండ కంది అలా వచ్చినవే. ఎవడో ఒకడు కొండెక్కి, కోసి, చీటీ రాసిపెట్టబట్టే కదా ఆ మొక్క కోసం ఎక్కడికెళ్ళాలో తెలిసింది.

ఇప్పుడు ఈ పాత చీటీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో మోడళ్ళు అంచనా వేస్తాయి, విత్తనాలు ఎక్కడ సేకరించాలో దాన్నిబట్టి నిర్ణయిస్తారు. చుక్కలున్న చోటికే జనం మళ్ళీ వెళ్తారు, చుక్కలు అక్కడే పెరుగుతాయి. పైగా పాత చీటీల్లో అక్షాంశాలూ రేఖాంశాలూ ఉండవు. కర్నూలు కొండలు అని మాత్రమే రాసున్న చీటీకి మ్యాపులో చుక్క ఎక్కడ పెట్టినా, అది లింగాలకి నది అవతలే పడుతుంది.