ఫంకీ అంటే కంపు!

మనవాళ్ళకి ఫంకీ అంటే రంగురంగుల టీషర్టో, జుట్టో. అసలు 17వ శతాబ్దపు ఇంగ్లీషులో ఫంక్ అంటే పొగాకు కంపు. 18వ శతాబ్దం చివరికి ఫంకీ అన్నది పాత చీజ్ వాసనకి అంటుకుంది. అమెరికాలో చెమట కంపు కూడా అయింది. నాకు నచ్చేది ఇక్కణ్ణుంచే. 1900 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్‌లో బడ్డీ బోల్డెన్ బ్యాండు ఆ కంపు మీదే పాట కట్టేసింది. 1950ల్లో నల్లజాతి జాజ్ కళాకారులు మట్టివాసన ఉన్న సంగీతాన్ని మెచ్చుకోడానికి ఈ మాటే వాడారు. ముక్కు మూసుకోవాల్సిన మాటతో తలెత్తుకు తిరిగారన్నమాట. 1967లో జేమ్స్ బ్రౌన్ కొట్టిన ఫంక్ హిట్ పేరు 'కోల్డ్ స్వెట్', అందులోనూ చెమటే చూశారా!

ఇంత చరిత్ర ఉంది కదాని, అమెరికన్ కొలీగ్ మీ కోడ్ చూసి "కొంచెం ఫంకీగా ఉంది" అంటే థాంక్స్ చెప్పకండి. అది జేమ్స్ బ్రౌన్ ఫంకీ కాదు, చీజ్ ఫంకీ.