మోటుపల్లి అభయశాసనము: సాగరవణిజులు, రాజధర్మము

దేవతార్చనలో కర్పూరనీరాజనము లేనిదే పూజ పూర్ణము కాదని ఆస్తికుల భావన. అయితే ఆ కర్పూరము ఆంధ్రదేశమున పుట్టిన ద్రవ్యము కాదు. మధ్యయుగమున అది సుమత్రా ద్వీపమునందలి బారుస్ రేవు నుండియు, చీనాదేశము నుండియు ఓడలపై వచ్చెడిది. గర్భాలయమున క్షణకాలము వెలిగి నిశ్శేషమగు ఆ పలుకు వెనుక ఎందరో నావికుల ప్రాణసంకటము కలదు.

సముద్రయానము శాస్త్రనిషిద్ధము కదా అను సందేహము ఇచట సహజము. బౌధాయన ధర్మసూత్రము దానిని పతనహేతువులలో పరిగణించినది. మనుస్మృతి సముద్రయాయిని శ్రాద్ధభోజనమునకు అనర్హులలో చేర్చినది. కాని అదే మనుస్మృతి, సముద్రయానకుశలురు దేశకాలార్థములను విచారించి నిర్ణయించిన వృద్ధి ప్రమాణమని అష్టమాధ్యాయమున అంగీకరించినది. యాజ్ఞవల్క్యుడు అరణ్యమార్గమున పోవువానికి నూటికి 10, సముద్రమున పోవువానికి నూటికి 20 చొప్పున మాసవృద్ధిని విధించెను. ఇందు విరోధము లేదు. మొదటిది ద్విజుని ఆచారశుద్ధికి, రెండవది లోకవ్యవహారమునకు సంబంధించినది. ఈ రెండింటి భేదమును గుర్తింపనందుననే, హిందువులు కడలి దాటనేలేదను అపోహ ప్రబలినది.

ఆ వ్యవహారధర్మమునకు ఉజ్జ్వల నిదర్శనము చీరాల సమీపమునందలి మోటుపల్లి. అచటి వీరభద్రాలయమున శాలివాహన శకము 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటి కాకతీయ గణపతిదేవుని శాసనము కలదు. తుపానులో చిక్కి భగ్నమై తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సువర్ణమును, గజాశ్వములను, రత్నములను పూర్వరాజులు బలవంతముగా హరించెడివారని అది నిర్మొగమాటముగా చెప్పుచున్నది. ధనము ప్రాణముకంటె ప్రియమని తలచి సముద్రమున సాహసించు వణిజులపై కరుణతో, కీర్తికొరకును ధర్మముకొరకును, కౢప్తశుల్కము తప్ప తక్కిన సర్వమును వారికే విడిచెనని ప్రకటించుచున్నది. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కము 30వ వంతు మాత్రమే. చందనము, కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, దంతము, పన్నీరు, పట్టునూలు, పగడములు, మిరియములు మున్నగు సరకులు అందు పేర్కొనబడినవి.

ఓడ పగిలి తీరమున పడినవానికి ఆ దేశమున బంధువు లేడు, సాక్షి లేడు, అడుగు బలము లేదు. అట్టివాని సొత్తును కాజేయుట రాజునకు మిక్కిలి సులభము. సులభమైన దానిని విడుచుటయే నిగ్రహము. అభయదానము అనగా కేవలము ప్రాణరక్షణ కాదు, నిస్సహాయుని ధనముపై చేయి వేయకుండుట కూడ. ఇందు రాజునకును మేలు కలదు: సుంకమెంతయో ముందే తెలిసిన రేవునకే ఓడలు వచ్చును. ధర్మము అర్థమునకు శత్రువు కాదని దీనివలన తేటతెల్లమగుచున్నది. ఆ శతాబ్దాంతమున మార్కోపోలో ఈ తీరమును వర్ణించుచు, దేశమును న్యాయముగా ఏలిన రాణిని, అతిసూక్ష్మ వస్త్రములను, వజ్రములను ప్రశంసించెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి సైతము మోటుపల్లి వర్తకులకు రక్షణశాసనము వేయించెను.

అయ్యావళి ఐదునూర్వురు, నానాదేశులు మొదలగు వర్తకశ్రేణులు సరకులతోపాటు దైవమును కూడ వెంట తీసికొనిపోయిరి. 13వ శతాబ్దమున బర్మాలోని పగాన్ నగరమందలి నానాదేశి విష్ణ్వాలయమునకు, కేరళమునందలి మహోదయపురము నుండి వచ్చిన ఒక భక్తుడు మండపము కట్టించి, నిత్యము వెలుగుటకు దీపమొకటి సమర్పించెను. చీనాలోని క్వాన్‌జౌ రేవున 1281లో శివప్రతిష్ఠ జరిగినట్లు తమిళ శాసనము తెలుపుచున్నది. ఆ నగరమునందలి కైయువాన్ బౌద్ధాలయ స్తంభములపై నృసింహుడు, గజేంద్రమోక్షణము నేటికిని దర్శనమిచ్చుచున్నవి. పరధర్మీయుల ఆలయమున ఆ శిలలు భద్రముగా నిలిచియుండుట అచటి వారి ఔదార్యమునకు కూడ సాక్ష్యము.

మోటుపల్లి రేవు నేడు లేదు, ఓడలు రావు. పరదేశి భయము లేక అడుగుపెట్టగలిగిన చోటనే ధర్మము నిలిచినట్లని ఆ శిలాశాసనము మాత్రము ఇంకను చెప్పుచున్నది. హారతి కన్నులకద్దుకొను వేళ, ఆ కర్పూరమును ఈ తీరమునకు చేర్చిన అజ్ఞాత వణిజులు కూడ స్మరణీయులే.